రక్తం కట్టే గోలీలు, రక్తం పట్టే గోలీలు

మా అత్తమ్మ కాలు వాచిన సంగతి మా చుట్టాల్లో చెప్పనివాళ్లు లేరు. పెళ్లి పందిట్లో చెబుతారు, క్రిస్మస్ విందులో చెబుతారు, ఎవరికైనా మోకాలు నొచ్చిందంటే చాలు, నూనె రాసేలోపు ఈ కథ మొదలుపెడతారు. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు నన్ను పిలిచి "అసలేం జరిగిందో నువ్వు చెప్పవయ్యా" అనలేదు. వాళ్లు చెప్పే కథలో డాక్టరమ్మ ఉంటుంది, అందరూ కలిసి చేసిన ప్రార్థన ఉంటుంది, సమయానికి రిక్షా తెచ్చిన మా తోడల్లుడి తెలివి ఉంటుంది. నా వంతు వచ్చేసరికి "చిన్నల్లుడు సుత ఉండె" అని ముందుకు పోతారు. ఉన్నానట! ఆ రోజు మేం రైలెక్కిన ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ కూడా ఉంది.

అందుకే నేనే రాస్తున్నాను.

నేను బోర్డులు రాసేవాణ్ని. వరంగల్ స్టేషన్ రోడ్డులో చిన్న కొట్టు. ఎనుమాములలో పత్తి, మిర్చి కొనే దుకాణాల మీద నా చేతిరాత చాలానే ఉంది. మాటను ఒంటరిగా నమ్మకూడదని ఈ పనిలో మొదటే తెలిసిపోతుంది. ఒకాయన వచ్చి "మందుల దుకాణం" అని రాయమన్నాడు. ఏ మందులని అడిగాను. "మందులంటే మందులే, నీకెందుకు?" అని కసిరాడు. ఆయనవి పత్తి చేనుకు కొట్టే మందులు. బోర్డు ఎక్కిన సాయంత్రమే జ్వరం గోలీ కోసం ఒకడు, సీసా కోసం ఇంకొకడు వచ్చారట. మళ్లీ నన్నే పిలిచి ముందర "పురుగు" అని చేర్పించాడు. అప్పుడైనా, నువ్వు ముందే అడిగావు కదా అన్నాడా? అనలేదు. బోర్డు కొంచెం వంకరగా ఉందన్నాడు.

ఎనభైల మొదట్లో సంగతి. రెండో బిడ్డ పుట్టాక నా భార్యకు నెలనెలా రక్తం బాగా ఎక్కువ పోయేది. ఆ రోజుల్లో మంచం దిగలేకపోయేది. కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంది. మా వాడకు దగ్గరలో ఒక ప్రైవేటు దవాఖాన ఉండేది. అక్కడి డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. ఆమె దగ్గరికి తీసుకుపోతే నర్సు నన్ను గడప దగ్గరే ఆపేసింది.

"ఆడోళ్ల ముచ్చట. మీరు బైట కూసోండి."

"నేను పెనిమిటిని."

"పెనిమిటైతే ఏంది, మొగోడే గదా?"

బయట కూర్చున్నాను. అయితే ఆ దవాఖానలో తలుపుకు బదులు పరదా ఉంది, ఆ పరదా పలచగా ఉంది. లోపల డాక్టరమ్మ అడిగిన ప్రతి ప్రశ్నా నాకు వినబడింది. ఎప్పుడైనా కాలు వాచి రక్తం గడ్డ కట్టిందా? పిల్లలు పుట్టకుండా మాత్రలేమైనా మింగుతున్నారా? వేరే జబ్బులకు మందులున్నాయా? నా భార్య అన్నిటికీ లేదంది. అప్పుడు డాక్టరమ్మ చెప్పింది.

"ఎక్కువగా పోయే రోజుల్లోనే వేసుకోవాలి. తగ్గగానే మానెయ్యాలి. ముందు జాగ్రత్త అని ముందే మొదలుపెట్టకూడదు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు కలిపి మింగకూడదు. కాలు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, చూపు మసకేసినా ఆపేసి వెంటనే రావాలి. మిగిలినవి ఎవరికీ ఇవ్వకండి."

నా భార్య బయటికి రాగానే అడిగాను. "ఏమన్నది?"

"గోలీలేసుకోమన్నది."

"గంతేనా?"

"గంతే."

నేను వరసగా అన్నీ అప్పజెప్పాను. ఆమె నోరు తెరిచి, "పరద ఎనుక నిలబడి ఇన్నవా? సిగ్గు లేదా?" అంది. నర్సు కూడా నవ్వింది. దవాఖాన మొత్తంలో డాక్టరు మాటను పూర్తిగా విన్నవాడిని నేనొక్కణ్నే. అయినా తిట్టు పడింది నాకే.

గోలీలు మాత్రం బాగా పనిచేశాయి, అబద్ధం చెప్పను. ఆ నెల ఆమె మూడో రోజుకే మిషను తొక్కింది. నాకు ఆ మందు మీద ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ మందును పిలిచిన పిలుపు మీద.

తర్వాతి నెల మా అత్తమ్మ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సాయానికి వచ్చింది. నేను హన్మకొండలో నిచ్చెన మీద ఉన్నాను, నా భార్య మంచం మీద ఉంది. గోలీల చీటీ పట్టుకుని అత్తమ్మే దవాఖాన కిటికీ దగ్గరికి పోయింది. కిటికీ లోపల కంపౌండరు. అతని నోట్లో ఎప్పుడూ పాన్. అతను గోలీల రేకు బయటికి తోసి, ఆ కిటికీ దగ్గర అందరికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాడు.

"ఇవి రక్తం కట్టే గోలీలమ్మా."

రక్తం కట్టడం అంటే ఆగడం. చదివే వాళ్లకు ఇందులో ఏ తికమకా కనబడదు. కానీ నోట్లో పాన్ రసం నిండిన మనిషి పెదవులు మూసి మాట్లాడతాడు. పెదవులు మూస్తే "క" రాదు, "ప" వస్తుంది. కావాలంటే మీరు పాన్ వేసుకుని చూడండి, నేను చూశాను. మా అత్తమ్మకు వినబడింది "రక్తం పట్టే గోలీలు" అని. అంటే ఒంట్లో రక్తం పెరగడానికి, బలానికి అన్నమాట. ఆమె అప్పటికే పాలిపోయి ఉండేది. "నీ ఒంట్ల రక్తం లేదవ్వా" అని చర్చిలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు.

ఇంటికి వచ్చి కూతురికి చెప్పిందట. "మంచి గోలీలిచ్చిండు బిడ్డా. రక్తం పట్టేటియంట."

"ఔనే, రక్తం కట్టేటియే."

తల్లీ కూతుళ్లిద్దరూ ఒకరి మాటకు ఒకరు తల ఊపుకుంటూ నెలంతా రెండు వేరువేరు మందుల గురించి ముచ్చటించారు. నేను ఇంట్లో ఉంటే ఒక్క నిమిషంలో పట్టుకునేవాణ్ని. కానీ ఆడవాళ్ల ముచ్చటలో నన్ను రానిచ్చిందెవరు?

అత్తమ్మ ఊరికి పోతూ మిగిలిన రేకు సంచిలో వేసుకుంది. రోజూ పొద్దున బెల్లం వేసిన పాలతో ఒక గోలీ. అయిపోతే ఘన్‌పూర్ స్టేషన్ బయట మందుల షాపులో ఖాళీ రేకు చూపించింది. ఆయన చీటీ అడగలేదు. "రక్తం గోలీలే గదవ్వా" అని కొత్త రేకు ఇచ్చాడు. చూశారా, వరంగల్‌లో ఒక అక్షరం మారింది, ఘన్‌పూర్ చేరేసరికి కట్టేదీ లేదు, పట్టేదీ లేదు, మొత్తం మాటే మాయమైంది. పక్కింటి కోడలు నాకూ రెండియ్యమని అడిగిందట. అత్తమ్మ ఇవ్వలేదు. ఆమె పిసినారితనం ఒకరికి మేలు చేయడం నేను చూసింది అదొక్కసారే.

అప్పుడే ఘన్‌పూర్ చర్చి గోడ మీద వాక్యం రాసే పని వచ్చి నేను ఆ ఊరు పోయాను. మధ్యాహ్నం అన్నానికి అత్తమ్మ ఇంటికి పోతే ఆమె గడపలో కాలు చాపుకుని కూర్చుంది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి నున్నగా ఉబ్బి, ఎర్రగా మెరుస్తోంది. దాని మీద ఆముదం ఆకు.

"కాలుకేమైంది అత్తమ్మా?"

"ఏం కాలే అల్లుడా. చేన్లకు నడిసీ నడిసీ వాసింది."

"నడిసింది రెండు కాళ్లతోని గదా. ఒక్కటే ఎందుకు వాసింది?"

"నీకు బోర్డులు రాసుడు గాక వకీలు పని సుత వచ్చునా? కూసొని తిను."

"మస్తు ఎర్రగున్నది."

ఆమె ముఖం వెలిగింది. "ఎర్రగ ఉండదా మరి? రక్తం పడ్తాంది. ముందుగాల కాలుకు పట్టింది, మెల్లమెల్లగ ఒంటికంత పడ్తది. గోలీలు మంచిగ పని చేత్తానయ్."

"ఏం గోలీలు?"

పాల గ్లాసు పక్కన వెండిరంగు రేకు. చూడగానే గుర్తుపట్టాను. మా ఇంట్లో నా భార్య దిండు కింద ఉండే రేకే. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పరదా వెనక విన్న మొదటి ప్రశ్న చెవిలో మోగింది. ఎప్పుడైనా కాలు వాచి రక్తం గడ్డ కట్టిందా?

"అత్తమ్మా, ఇంతకుముందెన్నడన్న ఈ కాలు వాసిందా?"

"నీ పెండ్లాం పుట్టినప్పుడు వాసింది. బాలింత వాపు. నెల దినాలు మంచంల ఉన్న. ఇప్పుడదెందుకు?"

"ఇవి రక్తం పట్టేటియి కాదు. కట్టేటియి! రక్తం పోయేటోళ్లకు ఆపనీకె ఇచ్చేటియి. నీకు పోతాందా?"

"ఛీ! అత్తనడిగే మాటేనా అది?"

"సరే అడగ. గోలీ మాత్రం మింగకు."

"కంపౌండరు చెప్పిండు. నువ్వెవలు? నువ్వు డాక్టరువా?"

ఆమె గోలీ తీసి నోటి దాకా తీసుకుపోయింది. అల్లుడు అత్త చేతిలోంచి గోలీ లాక్కోవడం మా ఇళ్లలో ఎన్నడూ జరగని పని. నేను లాక్కున్నాను. ఆమె శాపనార్థాలకు వాడంతా కూడింది. ఒకామె నూనె గిన్నె తెచ్చి కాలు పిసుకుతానంది. డాక్టరు చూసేదాకా ఎవరూ ముట్టుకోవద్దని అడ్డంగా నిలబడ్డాను. అదే ఊళ్లో ఉండే మా తోడల్లుడు వచ్చి "ఏంది లొల్లి?" అన్నాడు. ప్యాసింజరుకు టైమవుతోంది, రిక్షా తెమ్మన్నాను. తెచ్చాడు. తెచ్చాడని ఒప్పుకుంటాను. తెమ్మన్నది ఎవరన్నది కూడా రాసిపెట్టుకోండి.

రైల్లో అత్తమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెట్టెలో ఉన్నవాళ్లందరికీ చెప్పింది. "నాకు రక్తం పట్టుడు మా అల్లునికి ఇష్టం లేదు. కండ్లల్ల నిప్పులు పోసుకుంటాండు." ఒక పెద్దమనిషి నా వైపు అసహ్యంగా చూశాడు. నేను ఆమె కాలు కింద నా సంచి పెట్టాను. కాజీపేట వచ్చేసరికి ఆమె తిట్టడం మానేసింది. పిక్క పట్టుకుని పళ్లు బిగించింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆ తిట్లు మళ్లీ మొదలైతే బాగుండుననిపించింది.

దవాఖానలో డాక్టరమ్మ కాలు చూడగానే పిక్క మెల్లగా నొక్కి, ముఖం మార్చుకుంది. "మందులేమైనా వాడుతున్నారా అమ్మా?"

"ఏం వాడుతలేను."

"వాడుతాంది," అన్నాను.

"అవి మందులు కావు. బలం గోలీలు."

నేను రేకు బల్ల మీద పెట్టాను. ఈసారి నన్ను ఎవరూ బయటికి పంపలేదు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఇది బలానికి కాదమ్మా. ఇది రక్తాన్ని పెంచదు. గాయం దగ్గర కట్టిన గడ్డను శరీరం మెల్లగా కరిగించుకుంటుంది. ఈ మాత్ర దాన్ని కరగనివ్వదు. రక్తం ఎక్కువ పోయేవాళ్లకు, పోయే రోజుల్లో, అది మేలు. మీకు పోవడమే లేదు. పైగా ఈ కాలిలో వెనకటికి గడ్డ కట్టి ఉంటుంది. ఇప్పుడూ కట్టినట్టుంది. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు. పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. నడిపించకండి."

అత్తమ్మ నా వైపు చూడలేదు. నర్సు వైపు చూసి "గట్లనా?" అంది.

పెద్ద దవాఖానలో సూదులు ఇచ్చారు, మంచం దిగనివ్వలేదు. తర్వాత రక్తం పలచబరిచే గోలీలు రాశారు. ఆ పేరు వినగానే అత్తమ్మ లేచి కూర్చుంది.

"పలచ చేస్తరా? రక్తంల నీళ్లు కలుపుతరా, పాలమ్మేటోని లెక్క?"

"కాదు అత్తమ్మా, మల్ల గడ్డ కట్టకుంట."

"మొన్నటియి కట్టుడు, ఇయ్యాలటియి పలచ చేసుడు. మీ దవాఖానోళ్లకు ఒక మాట మీద నిలబడుడు రాదు."

ఈ ఒక్క విషయంలో ఆమె నా పక్షమే, ఆమెకు తెలియదు అంతే.

ఆమె బతికింది. వాపు తీసింది. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెప్పారు. డాక్టరమ్మ కోసం, పెద్ద దవాఖాన కోసం, రిక్షా కోసం కూడా. నేను రెండో వరసలోనే కూర్చుని ఉన్నాను.

నేను ఊరుకోలేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయాను. "మా అత్తకు ఏం చెప్పినవ్?"

"రక్తం కట్టేటియి అన్న. ఏం తప్పు?" అన్నాడు కంపౌండరు.

"ఇప్పుడు అన్నట్టు కాదు. పాన్ ఏసుకొని అను."

"ఏందయ్యా నీ లొల్లి! నీ అత్తకు చెవుడుంటే నేనేం చేయాలె?"

"ఏసుకో, ఏసుకొని అను!"

వరసలో ఉన్నవాళ్లకు సరదా పుట్టింది. వాళ్లలో ఒకాయన తన పాన్ డబ్బా కూడా ముందుకు చాచాడు. కంపౌండరు పట్టుదలగా ఒక పాన్ బుగ్గన పెట్టి అన్నాడు. సగం మంది "కట్టే" విన్నామన్నారు, సగం మంది "పట్టే" విన్నామన్నారు. ఇంకేం కావాలి? లోపలికి పోయి డాక్టరమ్మకు చెప్పాను.

ఆమె ఓపికగానే విన్నది. "మీ అత్తగారు కూతురి మాత్రలు వేసుకోవడం తప్పు కదండీ? చీటీ లేకుండా షాపులో ఇవ్వడం ఇంకా తప్పు."

"తప్పేనమ్మా. షాపాయనను సుత అడిగొచ్చిన. కానీ ముందు తప్పిన మాట ఈ కిటికీల తప్పింది. కట్టే అనకుండ 'ఆపే' అనమనండి. రక్తం ఆపే గోలీలు. నోట్లె పాన్ ఉన్నా, సున్నమున్నా, ఎవలకూ తప్పు వినబడదు."

"చూద్దాంలెండి."

చూద్దాం అనే మాట కూడా నా బోర్డుల అనుభవంలో నాకు బాగా తెలుసు. దాని అర్థం చూడం అని.

చర్చిలో ప్రకటనల సమయంలో చెప్పమని పాస్టరు అయ్యగారిని అడిగాను. ఆయన నవ్వి, "రక్తం గురించి ప్రతి ఆదివారం నేను చెప్తనే ఉన్న గదయ్యా, ఎవలింటాండ్లు?" అన్నాడు. జోకు బాగుంది, ప్రకటన మాత్రం రాలేదు.

ఇక నా పని నేనే చేశాను. డాక్టరమ్మను అడిగి, ఆమె ఏదో ధ్యాసలో తల ఊపగానే, కిటికీ పక్క గోడ మీద నా రంగుతోనే ఎర్రగా రాశాను. "రక్తం ఆపే గోలీలు బలానికి కావు. డాక్టరు రాసిన మనిషే, చెప్పిన రోజుల్లోనే వేసుకోవాలి. ఇతరులకు ఇవ్వరాదు. కాలు వాచినా, ఛాతీ నొచ్చినా మాని వెంటనే రావాలి." నా జీవితంలో అంత శుభ్రమైన అక్షరాలు ఇంకెక్కడా రాయలేదు. జనం ఆగి చదివేవారు. చదువురానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకునేవారు. తర్వాత గోడలకు సున్నం వేసినప్పుడు దాన్ని పూసేశారు. ఎవరు పూయమన్నారని అడిగితే నర్సు కంపౌండరు మీదికి, కంపౌండరు సున్నం వేసినవాడి మీదికి తోశారు. సున్నం వేసినవాడు, "గోడంత ఎయ్యమన్నరు, ఏసిన. అక్షరాలు ఇడిసి ఎయ్యాల్నా?" అన్నాడు. అతనొక్కడే సూటిగా మాట్లాడాడు.

కొన్నేళ్లకు అత్తమ్మకు దవడ పన్ను పీకించాల్సి వచ్చింది. పీకాక రక్తం తొందరగా ఆగలేదు. పళ్ల డాక్టరు దూది కరిచి పట్టుకోమని, చీటీ మీద ఏదో రాయబోయాడు. అత్తమ్మ దూది తీసి, వేలు చూపి, గట్టిగా అంది.

"అయ్యా, రక్తం ఆపే గోలీలైతే నాకు రాయకు. నాకు కాలుల గడ్డ కట్టింది ఒకపారి. ముందుగాల అది ఇను, తర్వాత రాయి."

ఆమె "ఆపే" అంది. నేను స్పష్టంగా విన్నాను. డాక్టరు కలం ఆపి, ఆ వివరాలన్నీ అడిగి, గోలీ మానేసి దూదితోనే సరిపెట్టాడు. కాసేపటికి ఆగిపోయింది.

"మంచి మాట చెప్పినవమ్మా. గింత మంచిగ నీకెవరు చెప్పిండ్లు?" అని మెచ్చుకున్నాడు.

ఆమె చేతిసంచి పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"మా డాక్టరమ్మ చెప్పింది," అంది అత్తమ్మ.

సరే, అది ఇంటి సంగతి. మనిషి నిండుగా తిరుగుతోంది, అది చాలు. నేను అడిగేది ఇంకొకటి. మొన్న నా దగ్గుకు మందు కోసం ఆ కిటికీకే పోయాను. పాత కంపౌండరు లేడు, కొత్తవాడు ఉన్నాడు. పాన్ కూడా నమలడు. నా ముందు ఒక చిన్నది, కొత్తగా పెళ్లయినట్టుంది, వెంట దాని అత్త. కొత్తవాడు రేకు బయటికి తోశాడు.

"ఇవి రక్తం కట్టే గోలీలమ్మా."

ఆ అత్త పాలిపోయిన ముఖంతో రేకు వైపు ఆశగా చూసింది. ఆ చూపు నేను ఎరుగుదును.

"ఆపే అను!" అని వరసలోంచి అరిచాను. "రక్తం ఆపేటియి, బలానికి కాదు, ఈ పిల్లకే, ఎక్కువ పోయిన దినాలే అని చెప్పు!"

"కట్టే అన్నా, ఆపే అన్నా రెండూ ఒక్కటే గద పెద్దనాన్నా," అన్నాడు వాడు నవ్వుతూ. వరసంతా నవ్వింది. ఆ పిల్లనూ అత్తనూ నేనే పక్కకు పిలిచి మొత్తం చెప్పాను. విని, "ఈయనెవలు?" అన్నట్టు ఒకరినొకరు చూసుకుని వెళ్లారు.

రెండూ ఒకటేనట. ఒకటే అయితే, నా మాట అనడానికి మీకు అడ్డం ఏమిటి? డాక్టరమ్మ చెబుతుందో, కంపౌండరు చెబుతాడో, షాపులో కూర్చునే ఆయన చెబుతాడో నాకు తెలియదు. ఎవరో ఒకరు, చూద్దాం అనకుండా, నవ్వకుండా, నా ముఖం చూసి దీనికి జవాబు చెప్పాలి.